పెండ్లికూతురి ఒంటి మీద నా బెల్టు దెబ్బలు

నా కూతురు ఎస్తేరు సండే స్కూల్లో ఏడేళ్ల పాపను చెంప మీద కొట్టింది. మా ఇంట్లో జబ్బు ఉందని మాకు మొదటిసారి తెలియాల్సిన రోజు ఆ ఆదివారం. మాకు తెలియలేదు.

అంతకు వారం ముందు నుంచి ఆమెకు జ్వరం, తలనొప్పి. మాత్ర వేసుకుని పనికి పోయి వస్తోంది కదా అని ఎవరం పట్టించుకోలేదు. ఆ రోజు పిల్లలకు పదిమంది కన్యకల ఉపమానం చెబుతోంది. పెండ్లికుమారుడి కోసం దీపాలు పట్టుకుని ఎదురుచూసిన పదిమందిలో ఐదుగురు ఎక్కువ నూనె తెచ్చుకున్నారు, ఐదుగురు తెచ్చుకోలేదు. నూనె అయిపోయినవాళ్లు కొనుక్కుని వచ్చేసరికి పెండ్లి ఇంటి తలుపు మూసేశారు. మిగతావాళ్లు కొంచెం నూనె ఇవ్వవచ్చు కదా అని ఆ పాప అడిగిందట. ఎస్తేరు లేచి కొట్టింది. పాప బెంచీ మీద నుంచి కింద పడింది. చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి. అంతకు ముందు నా బిడ్డ ఎవరి మీదా చెయ్యి ఎత్తింది లేదు.

మేము బెల్లంపల్లిలో ఉంటాం. నేను భూగర్భ గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యాను. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. అప్పట్లో మా సంఘంలో నేనొక పెద్దను. ఎస్తేరు మాకు ఒక్కతే కూతురు. ఇరవై నాలుగేళ్లు, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. మంచిర్యాలలో మోటార్ వైండింగ్ షాపు నడిపే సుధీర్‌తో నెల కిందటే ప్రధానం అయింది. నిశ్చితార్థాన్ని మాలో ప్రధానం అంటాం. పెండ్లికి ఇంకా రెండు నెలలుంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. సంఘమంతా క్రీస్తుకు పెండ్లికూతురు అని, ఆయన ఏ ఘడియలో వచ్చినా సిద్ధంగా ఉండాలని మేము నమ్ముతాం. ఎంతో సంతోషంగా చెప్పాల్సిన మాట అది. నేను దాన్ని బెదిరించడానికి వాడాను. చిన్నప్పుడు ఎస్తేరు అబద్ధమాడినా, అన్నం పారేసినా, "తలుపు మూస్తరు బిడ్డా, బయట ఉంటవు" అనేవాణ్ణి. ఆ పిల్ల వణికిపోయేది. భయపడుతోంది కాబట్టి భక్తి వస్తోందని నేను సంతోషపడేవాణ్ణి.

ఆదివారం ఇంటికి వచ్చాక ఎస్తేరు పెండ్లి కోసం కొన్న తెల్ల చీర తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. చేసిన చీరనే మళ్లీ మళ్లీ చేసింది. సోమవారం నిద్ర లేదు, తిండి లేదు. మంగళవారం వంటింట్లో ఉన్న నూనె డబ్బా ఎత్తి గిన్నెల్లో, గ్లాసుల్లో, చివరికి సబ్బు పెట్టెలో కూడా పోసింది. నా భార్య కమలమ్మ ఆ నూనెలో జారిపడి మోచెయ్యి కొట్టుకుంది. ఎస్తేరు ఆమెను లేపలేదు. గుడ్డపేలికలు చింపి వత్తులు చేసి అగ్గిపెట్టె తీసింది. నేను లాక్కోబోతే నా ముంజేతిని కొరికింది. చర్మం తెగి కండ దాకా పళ్లు దిగాయి. విడిపించుకోవడానికి నేను ఆమె జుట్టు పట్టి గుంజాల్సి వచ్చింది.

"పెండ్లికొడుకు వస్తుండు. మీరెవ్వరు తయారు లేరు. ఒక్కలు గూడ లేరు" అని రోజంతా అదే మాట.

బుధవారం ఉదయం సుధీర్ వచ్చాడు. ఫోన్ ఎత్తడం లేదని భయపడి షాపు మూసి వచ్చాడు. ఎస్తేరు తెల్ల చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అతన్ని కింది నుంచి పైకి చూసింది. "నువ్వు కాదు" అన్నది. అంతే, పక్కనున్న ఇస్త్రీ పెట్టె ఎత్తి మొహం మీద కొట్టింది. కనుబొమ్మ చీలి ఎముక కనబడింది. అతను గోడకు చేరగిలబడి కూర్చుంటే ఇంకోసారి ఎత్తింది. నేనూ, పక్క క్వార్టర్ వాళ్లూ కలిసి ఆమెను నేల మీదకు తోసి పట్టుకున్నాం. నలుగురు మగవాళ్లం ఉన్నా ఆపడం కష్టమైంది. తెల్ల చీర మీద సుధీర్ నెత్తురు, ముంజేతి గాయం మళ్లీ తెరుచుకుని కారిన నా నెత్తురు.

ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం. సుధీర్‌కు ఏడు కుట్లు పడ్డాయి. ఎస్తేరుకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. అక్కడి డాక్టరు చిన్న వయసు అబ్బాయి. కమలమ్మను అన్నీ అడిగి తెలుసుకుని నాతో అన్నాడు: "జ్వరం ముందు వచ్చింది, ప్రవర్తన తర్వాత మారింది. ఇది మామూలు మెంటల్ ప్రాబ్లమ్ కాకపోవచ్చు. ఇవాళే కరీంనగర్‌లో న్యూరాలజిస్టుకు చూపించండి." లెటర్ రాసి ఇచ్చాడు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మా పాస్టర్ అయ్యగారు కూడా వచ్చి ప్రార్థన చేసి, బండి మాట్లాడనా అని అడిగారు. రేపు చూద్దామన్నాను. ఆయన విశ్వాసం చిన్నదని నాకు అనిపించింది.

ఎందుకంటే ఆసరికే నాకు ఇంకొకాయన ఫోన్ చేశాడు. ఉపవాస ప్రార్థనలు జరిపే బ్రదర్. ఆయన పేరు ఇక్కడ రాయను. ఊరి బయట ఆయనకొక రేకుల షెడ్డు ఉంది. పెండ్లి ముందర పెండ్లికూతురి మీదకే సాతాను వస్తుందని, దాన్ని వెళ్లగొట్టకుండా మందులు ఇస్తే అది లోపలే ఇల్లు కట్టుకుంటుందని చెప్పాడు. ఒక సంఘ పెద్ద కూతురికి పిచ్చి అని నలుగురూ అనుకోవడం కంటే దయ్యం అనుకోవడమే నాకు నయమనిపించింది. నిజం ఇదే. గురువారం పొద్దున నేనే ఎస్తేరు కాళ్లూ చేతులూ కట్టి ఆటోలో వేసుకుని అక్కడికి తీసుకెళ్లాను.

షెడ్డులో ఇనుప మంచం ఉంది. నైలాన్ తాడుతో దానికి కట్టాం. మొదటి రోజు బ్రదర్ వెదురు కర్రతో అరికాళ్ల మీద కొట్టాడు. ఎస్తేరు అరిచిన అరుపుకు రేకులు అదిరాయి. కమలమ్మ అడ్డం పడబోతే ఆమెను బయటికి పంపి గేటు వేశారు. నేను లోపలే ఉన్నాను.

"దెబ్బ దయ్యానికే తాకుతది. బిడ్డకు తాకదు" అన్నాడు బ్రదర్.

రెండో రోజు, ఇంటి యజమాని చెయ్యి పడితేనే అది పోతుందని చెప్పాడు. నా నడుముకు గనిలో పనిచేసినప్పటి బెల్టు ఉంది. తలదీపం బ్యాటరీ తగిలించుకునే మందపాటి తోలు బెల్టు. దాన్ని తీశాను. ఎస్తేరును బోర్లా తిప్పారు. మొదటి దెబ్బ మెల్లగా వేశాను. "ఇంకా గట్టిగ" అన్నాడు బ్రదర్. గట్టిగా వేశాను. తర్వాత ఆయన చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. నాలుగు రోజుల నిద్ర లేని కోపం, ఊళ్లో తలవంపులు, ముంజేతి నొప్పి, అన్నీ నా భుజంలోకి వచ్చాయి. జాకెట్ చినిగింది. చర్మం చిట్లింది. నేను ఆగలేదు.

మధ్యలో ఆమె తల తిప్పి నన్ను చూసింది. "బాపూ, నేను తయారుగనె ఉన్న గదా" అన్నది.

అది దయ్యం మాట అన్నాడు బ్రదర్. నేను మళ్లీ కొట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె నోరు ఒక పక్కకు లాగడం మొదలైంది. కళ్లు పైకి పోయాయి. ఒళ్లంతా కొట్టుకుంటుంటే ఆ ఊపుకు మంచం నేల మీద జరిగింది. నోట్లో నురుగ, దాంట్లో నెత్తురు. అది పోతోంది, పోతోంది అంటూ బ్రదర్ ఆమె ఛాతీ మీద మోకాలు పెట్టి నొక్కాడు. అప్పుడే కమలమ్మ లోపలికి వచ్చింది. గేటు ఎట్లా దాటిందో తెలియదు, ఆమె కాళ్లు రెండూ గీరుకుపోయి ఉన్నాయి. చేతిలో గడ్డి కోసే కొడవలి. దాన్ని బ్రదర్ మెడ దగ్గర పెట్టింది.

"లే. లేకుంటె గీడనె కోస్త" అన్నది. ఆయన లేచాడు. ఆమె నా వైపు తిరిగి, "నువ్వు దగ్గరికొస్తె నీది గూడ" అన్నది.

తాళ్లు కోసింది. ఒక తాడు చర్మంలోకి దిగిపోయి దానితో పాటు చర్మం కూడా ఊడివచ్చింది. బిడ్డను భుజాన వేసుకుని రోడ్డు మీదకు నడిచింది. జైనూర్ వైపు నుంచి వస్తున్న జీపుకు అడ్డంగా నిలబడింది. జీపులో ఉన్న గోండు ఆడవాళ్లు ఒక్కమాట అడగకుండా దిగి చోటిచ్చారు. నేను వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు. మంచిర్యాలలో ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్సులో కరీంనగర్ పంపారు.

కరీంనగర్ క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ ఎస్తేరును పక్కకు తిప్పి వీపు చూసింది. ఇదెట్లా అయిందని అడిగింది. మంచం మీద నుంచి పడిందని చెప్పాను.

"అబద్ధం" అన్నది కమలమ్మ. "గీయనె కొట్టిండు. బెల్టుతోని."

డాక్టరమ్మ నాకేసి చూడలేదు. దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి పొడవు, వెడల్పు రాసుకుంది. ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు రాస్తున్నామని, పోలీసులు వస్తారని చెప్పింది. కానిస్టేబుల్ వచ్చినప్పుడు నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. బ్రదర్ పేరూ చెప్పాను, నా పేరూ చెప్పాను.

న్యూరాలజిస్టు పెద్దాయన, తక్కువ మాట్లాడే మనిషి. ముందు ఏం వచ్చింది, తర్వాత ఏం వచ్చింది అని రోజుల వారీగా అడిగారు. నాకు ఏదీ వరసగా గుర్తు లేదు. కమలమ్మే చెప్పింది. అంతకు ముందు ఎవరికైనా చూపించారా అని అడిగితే జేబులోంచి లెటర్ తీశాను. చెమటకు తడిసి అక్షరాలు అలికినట్టయ్యాయి. ఆయన తేదీ చూశారు.

"మూడు రోజులు జేబులోనే ఉందా ఇది?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎంఆర్‌ఐ నార్మల్ వచ్చింది. మెదడులో కరెంటు ఎట్లా నడుస్తోందో చూసే ఈఈజీలో తేడా ఉంది. వెన్నులోంచి నీరు తీసి, అంటే లంబార్ పంక్చర్ చేసి, శాంపిల్ హైదరాబాద్ పంపారు. రిపోర్టు వచ్చేలోపే పొట్ట స్కాన్‌లో అండాశయం మీద చిన్న గడ్డ కనబడింది. టెరటోమా అన్నారు. రిపోర్టు కూడా వచ్చాక డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: "దీన్ని ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్ అంటారు, ఒక రకం మెదడు వాపు. ఆ గడ్డ మీద పోరాడడానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు పొరపాటున మెదడు మీద పడ్డాయి. కొరికింది, కొట్టింది, కేకలు వేసింది, అన్నీ జబ్బు లక్షణాలే. ట్రీట్‌మెంట్ ఉంది. కానీ లేటయింది."

ఐసీయూలో ఆమె నోరు, చేతులు వాటంతట అవే ఆడేవి. దాన్ని డిస్కైనీషియా అన్నారు. పళ్లతో కింది పెదవి సగం దాకా కోసుకుంది. ముక్కులోని ట్యూబ్ రెండుసార్లు పీకేసింది, ఒకసారి మందులు ఎక్కించడానికి మెడ నరంలో పెట్టిన లైన్ లాగేసి పక్క దుప్పటంతా నెత్తురు చేసింది. అందుకని చేతులు కట్టాల్సి వచ్చింది. దూది పెట్టిన మెత్తని పట్టీలు. గంటకోసారి నర్సు వచ్చి పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి బిగుసుకుపోలేదు కదా అని చూసేది. తొలిసారి అది చూసి నేను బయటికి పోయి వాంతి చేసుకున్నాను.

స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఐదు రోజులు. ఆ తర్వాత నెత్తురులోంచి ఆ యాంటీబాడీలను తీసేసే ప్లాస్మా ఎక్స్చేంజ్. గడ్డ తీయడానికి ఆపరేషన్ పెట్టిన రోజు బ్రదర్ ఇద్దరు మనుషులను వెంటేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. కేసు వెనక్కి తీసుకోవాలని, కత్తి పెడితే బిడ్డ దక్కదని అన్నాడు. నేను ఆయన కాలర్ పట్టి గోడకేసి కొట్టాను. పడితే ఛాతీ మీద కూర్చుని గొంతు పిసికాను. చంపుదామనే పిసికాను. సెక్యూరిటీ వాళ్లు వేళ్లు విడదీశారు. ఆయన దగ్గుతూ వెళ్లిపోయాడు. అక్కడున్నవాళ్లు కొందరు నన్ను మెచ్చుకున్నారు. కమలమ్మ మాత్రం, "నీకు కొట్టుడు తప్ప ఇంకేం రాదా" అని అడిగి ఐసీయూ తలుపు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా పాస్టర్ అయ్యగారు వచ్చారు. ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి, నా పక్కన మెట్ల మీద కూర్చున్నారు. బిడ్డ సిద్ధంగా ఉండాలనే కొట్టానని నేను ఏడ్చాను. ఆయన అన్నారు: "మనం నమ్మిన పెండ్లికొడుకు పెండ్లికూతురి కోసం తనే దెబ్బలు తిన్నడు, సామెలన్నా. ఆమెను కొట్టి తయారు చెయ్యుమని ఎవ్వలికీ చెప్పలే."

ఆపరేషన్ అయ్యాక వెంటనే తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు. న్యుమోనియా వచ్చి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. ఒక దశలో డాక్టరు గారు, "మీ చుట్టాలెవరైనా చూడాలంటే రమ్మనండి" అన్నారు. సుధీర్ వచ్చాడు. నుదుటి మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. రోజూ షాపు మూశాక బస్సెక్కి వచ్చి, గాజు తలుపు అవతల అరగంట నిలబడి పోయేవాడు. రిటుక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టిన రెండో వారంలో ఎస్తేరు కళ్లు తెరిచి కమలమ్మ ముక్కు పట్టుకుంది. మాట రావడానికి ఇంకో ఇరవై రోజులు పట్టింది. మొదటి మాట "మంచినీళ్లు".

ఇంటికి వచ్చాక చంటిపిల్లను పెంచినట్టే మళ్లీ పెంచాం. చెంచా పట్టుకోవడం, మెట్లెక్కడం, కూడికలు. చిన్న దానికే కోపం వచ్చి కంచం విసిరేది. ఒకసారి కమలమ్మ తల పగిలింది. నేను అలాంటప్పుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడడం నేర్చుకున్నాను. జబ్బు రోజులు ఆమెకు గుర్తు లేవు. ప్రధానం జరిగింది కూడా పోయింది. వేలికి ఉన్న ఉంగరం ఎవరిదని అడిగింది. సుధీర్‌కు ఈ మాట ఎట్లా చెప్పాలో తెలియక నేను తడబడితే అతనే అన్నాడు: "గుర్తు లేకపోతె మళ్ల అడుగుత మామా. నాకేం తొందర లేదు."

ఇంటికి వచ్చిన ఐదో నెలలో ఒకరోజు కమలమ్మ తల స్నానం చేయిస్తుంటే ఎస్తేరు అద్దంలో తన వీపు చూసుకుంది. బయట కూర్చున్న నా దగ్గరికి తడి జుట్టుతోనే వచ్చి ఈ మచ్చలేమిటని అడిగింది. ఆసుపత్రిలో అయ్యాయని చెప్పవచ్చు. నమ్మేది.

"నేనే కొట్టిన బిడ్డా" అన్నాను. "కట్టేసి కొట్టిన."

"నేను ఏం చేసిన?"

"నువ్వేం చెయ్యలే."

ఆమె లోపలికి వెళ్లింది. పదహారు రోజులు నాతో మాట్లాడలేదు. నేను పెట్టిన నీళ్లు తాగలేదు. నేను గదిలోకి వస్తే భుజాలు దగ్గరికి ముడుచుకునేది. బుద్ధికి గుర్తు లేకపోయినా ఒంటికి గుర్తుందని అప్పుడు తెలిసింది. పదిహేడో రోజు టీ తెచ్చి ఇచ్చింది. క్షమించానని అనలేదు, ఇప్పటికీ అనలేదు. నేను అడగలేదు. సంఘ పెద్ద పని వదిలేశాను. ఆదివారం ఆరాధనలో నిలబడి ఏం చేశానో అందరి ముందు చెప్పాను. కొందరు మాతో మాట్లాడటం మానేశారు. కేసు నడుస్తోంది. వాయిదాలకు నేను ముద్దాయిగానే వెళ్తున్నాను.

ఇది జరిగి మూడేళ్లయింది. సుధీర్ మళ్లీ అడిగాడు. ఆమె ఆలోచించుకోవడానికి ఎనిమిది నెలలు తీసుకుని సరేనన్నది. పోయిన ఏడాది పెండ్లయింది. మంచిర్యాలలో ఉంటున్నారు. ఆమె మధ్యాహ్నం దాకా బడికి వెళ్తుంది. లెక్కలు చెప్పేటప్పుడు అప్పుడప్పుడు అంకెలు తప్పిపోతాయట, పిల్లలే సరిదిద్దుతారట. ఆరు నెలలకోసారి స్కాన్, ఫిట్స్ రాకుండా మాత్ర. తన సంఘంలో ఆడవాళ్లకు ఆ కన్యకల ఉపమానం మళ్లీ చెబుతోంది. ఒకసారి వెనక బెంచీలో కూర్చుని విన్నాను. మూసిన తలుపు గురించి అడిగినవాళ్లకు జవాబిచ్చింది, కానీ అక్కడే ఆగిపోలేదు. రాబోయేవాడు మనకు ఇష్టమైనవాడు కాబట్టి మేలుకొని ఉంటాం, భయపడి కాదు అన్నది. నేను ఆ మాట ఆమెకు నేర్పలేదు.

ఈ అనుభవం రాయనా అని అడిగితే, "రాయి బాపూ, గాని నువ్వు కొట్టింది గూడ రాయి. గది లేకుంటె ఎవ్వలకు పనికిరాదు" అన్నది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. బాగున్న మనిషి కొద్ది రోజుల్లోనే వేరే మనిషిగా మారిపోతే, ముఖ్యంగా జ్వరం, తలనొప్పి ఉండి తర్వాత నిద్ర పట్టకుండా పోయి, కొట్టడం, కొరకడం మొదలైతే, ఎవరేమన్నా సరే అదే రోజు న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన మానమని నేను చెప్పను. నేనూ మానలేదు. దారిలో బండిలో కూర్చుని కూడా ప్రార్థన చేసుకోవచ్చు.